ఎగిరితేనే పాలపిట్ట

దసరానాటి సాయంత్రం జమ్మిచెట్టుకు పూజచేసి, ఆకును బంగారమని పంచుకునే మన పల్లెవాళ్లు ఆ రోజున పాలపిట్టను కూడా చూడాలని పొలిమేర దాటి వెళతారు. అజ్ఞాతవాసం ముగించుకుని వస్తున్న పాండవులకు ఈ పిట్ట కనబడిందనీ, అందుకే జయం కలిగిందనీ పెద్దలు చెబుతారు. తెలంగాణకు ఇది రాష్ట్రపక్షి.

తీరా చూస్తే, కూర్చున్న పాలపిట్టలో విశేషమేమీ కనబడదు. తీగమీదనో మోడుమీదనో మెడ ముడుచుకుని, మట్టిరంగు రొమ్ముతో, మిడతల కోసం నేలకేసి చూస్తూ వుంటుంది.

నా తొమ్మిదో యేట మా తాత చేలగట్టు వెంట తీసుకుపోయి నాకు దాన్ని చూపించాడు.

"ఇదేనా తాతా?" అన్నాను నీరసంగా.

"ఆగు బిడ్డా, ఎగరనియ్యి" అన్నాడు.

ఇద్దరం కదలకుండా నిలబడ్డాం. వున్నట్టుండి పిట్ట లేచింది. రెక్కలు విచ్చుకున్నాయి. లేతనీలం, ముదురునీలం పట్టెలు జొన్నచేనుమీద తళుక్కుమని, తుమ్మలవెనక మాయమైనాయి. మూడు నాలుగు క్షణాలు, అంతే. తాత చేతులు జోడించాడు. ఇవాళ ఆయన ముఖం నాకు కాస్త మసకబారింది గాని, ఆ నీలం మసకబారలేదు.

శాస్త్రం చెప్పేది ఇంకా విచిత్రం. ఆ ఈకలో నీలిరంగు పదార్థమే లేదు. ఈకలోని అతిసూక్ష్మమైన అల్లిక వెలుతురును చెదరగొట్టడంవల్ల మనకు నీలం కనబడుతుంది. సగం పిట్టది, సగం సూర్యుడిది అన్నమాట!

అటువంటి పిట్టను ఇప్పుడు పట్నాలలో కొందరు దసరానాడు పంజరంలో తెచ్చి, డబ్బు పుచ్చుకుని దర్శనం చేయిస్తున్నారు. కాళ్లకు దారం, ఎగరకుండా రెక్కలకు జిగురు! జిగురంటిన రెక్కతో పిట్ట పురుగును పట్టలేదు. తిండిలేని పిట్ట బతకదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం నేరం. 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక పాలపిట్టలు తగ్గిపోతున్నాయని హెచ్చరించింది కూడాను.

చట్టం సంగతి అలా వుంచి పుణ్యం సంగతే చూద్దాం. రెక్క విప్పని పాలపిట్టను చూచినవాడు పాలపిట్టను చూడనట్టే. పదిరూపాయలిచ్చి పంజరంలో చూచినదాన్ని పదిరోజులకు మరిచిపోతాం.

వచ్చే దసరాకు మీ పిల్లలను ఊరి బయటికి తీసుకువెళ్లండి. పిట్ట కనబడకపోవచ్చు; ఓపికగా ఎదురుచూడడమైనా వాళ్లకు అలవడుతుంది. కనబడిందా, మనం లేనినాడు కూడా అది వాళ్ల కళ్లలో ఎగురుతూనే వుంటుంది.