ఆవును వదిలి గడ్డిని లెక్కపెట్టిన బీమా

ఉత్తర కెన్యాలోని మార్సబిట్‌లో ఒకరికి ఎంత ఆస్తి ఉందో తెలియాలంటే మందను చూడాలి. అక్కడి బొరానా, రెండిల్లే, గబ్రా పశుకాపరులకు ఒంటెలు, ఆవులు, మేకలే పాలు, పెళ్లి ఖర్చు, పిల్లల బడి ఫీజు. వరుసగా రెండు వానకాలాలు వానలు ముఖం చాటేస్తే మంద కరిగిపోతుంది.

బీమా చేయవచ్చు కదా? చిక్కంతా అక్కడే. మేత వెతుక్కుంటూ ఎక్కడెక్కడో తిరిగే మందలో ఏ ఆవు ఎప్పుడు చచ్చిందో చూసి రావడానికి వెళ్లేదెవరు? ఆ ఖర్చే బీమా సొమ్మును మించిపోతుంది.

నైరోబీలోని అంతర్జాతీయ పశుసంపద పరిశోధన సంస్థ, భాగస్వాములతో కలిసి దీనికి తమాషా దారి వెతికింది: ఆవును వదిలేసి గడ్డిని లెక్కపెట్టడం. ఉపగ్రహం నేల పచ్చదనాన్ని కొలుస్తుంది. అది నిర్ణీత స్థాయి కంటే పడిపోతే ఆ ప్రాంతంలోని పాలసీదారులందరికీ డబ్బు అందుతుంది. చచ్చిన పశువును చూపించక్కర్లేదు. 2010 జనవరిలో మార్సబిట్‌లో అమ్మకాలు మొదలయ్యాయి. 2011 కరువులో తొలి చెల్లింపులు అందాయి.

మొదట్లో పచ్చదనాన్ని బట్టి అంచనా వేసిన చావులకే పరిహారం. పోయాక ఇచ్చే డబ్బుకన్నా పోకముందు ఇచ్చేదే నయమని తర్వాత పద్ధతి మార్చారు; ఆ సొమ్ముతో మేత, నీళ్లు కొనుక్కోవచ్చు. 2012లో ఇథియోపియాలోని బొరానా ప్రాంతానికీ ఈ బీమా వెళ్లింది.

లోపం లేకపోలేదు. ఉపగ్రహానికి పచ్చగా కనిపించే ప్రతి పొదా మేత కాదు. పశువులు పోయినా పైసా రానివాణ్ని ఆ లెక్కకు ఒప్పించడం కష్టం. ప్రీమియం కూడా భారమే. అందుకే 2015లో కెన్యా ప్రభుత్వం తుర్కానా, వజీర్ కౌంటీలలో ఎంపిక చేసిన పేద కుటుంబాల ప్రీమియాన్ని తానే కట్టడం మొదలుపెట్టింది.