యంత్రానికి నాడి పట్టేవాళ్లు

అర్ధరాత్రి దాటింది. సిమెంటు ఫ్యాక్టరీ నుంచి ఫోను. ‘సార్, పెద్ద ఫ్యాను ఊగిపోతోంది. ఆపమంటారా, నడపమంటారా?’

ఆపితే బట్టీ ఆగుతుంది. చల్లబడిన బట్టీని మళ్లీ వేడెక్కించాలంటే గంటల తరబడి పని, బోలెడు ఖర్చు. ఆపకపోతే... బేరింగు విరిగి రెక్కలు ఎగిరిపడితే దగ్గరున్నవాళ్ల ప్రాణాలకే ముప్పు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన మనిషే వైబ్రేషన్ ఇంజినీరు.

పంపు, మోటారు, కంప్రెసరు, టర్బైను... తిరిగే యంత్రం ఏదైనా కాస్తో కూస్తో కంపిస్తుంది. ఆ కంపనం హద్దు దాటిందంటే లోపల ఏదో తేడా వచ్చిందన్నమాట. అదేమిటో యంత్రాన్ని విప్పకుండానే చెప్పడం వీళ్ల పని. అగ్గిపెట్టె కన్నా చిన్న సెన్సరు, దాన్ని అంటించడానికో అయస్కాంతం, చేత్తో పట్టుకునే ఎనలైజరు... సరంజామా అంతా ఒక్క బ్యాగులో పట్టేస్తుంది.

స్క్రూడ్రైవరే స్టెతస్కోపు

పాతతరం ఫిట్టర్లు స్క్రూడ్రైవరు కొసను బేరింగు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వినేవారు. నడుస్తున్న టర్బైను మీద రూపాయి బిళ్లను నిలువుగా నిలబెట్టేవారు. పడకపోతే యంత్రం భేషుగ్గా ఉన్నట్టే!

1965లో కూలీ, ట్యూకీ అనే ఇద్దరు అమెరికన్లు ప్రచురించిన లెక్కల పద్ధతి ఈ రంగాన్నే మార్చేసింది. పదిమంది ఒకేసారి మాట్లాడుతుంటే ఎవరి గొంతును వారిదిగా విడదీసినట్టు, కలగాపులగంగా ఉన్న కంపనాన్ని కంప్యూటరు క్షణాల్లో విడగొట్టే వీలు దాంతో కలిగింది.

ఒక్కో జబ్బుది ఒక్కో గొంతు. కుదుపు చుట్టుకు ఒకసారి వస్తుంటే బరువు ఒకవైపు ఎక్కువైందని అనుమానం. చుట్టుకు రెండుసార్లయితే మోటారు, పంపు షాఫ్టులు వరసలో ఉన్నాయో లేదో చూడాలి. ఎనిమిది బాల్స్ ఉన్న బేరింగు బయటి రింగులో గుంట పడితే చుట్టుకు మూడు దెబ్బల పైచిలుకు.

చిన్న తేడాయేగా అనుకోవడానికి లేదు. నిమిషానికి 3000 చుట్లు తిరిగే చక్రంలో, ఇరుసుకు అర మీటరు దూరాన 10 గ్రాములు ఎక్కువుంటే చాలు. దాదాపు 50 కిలోల బరువు వేలాడదీసినంత బలంతో షాఫ్టును పక్కకు లాగుతుంది!

హెచ్చరిక వినకపోతే...

రష్యాలోని సయానో-షుషెన్‌స్కయా జలవిద్యుత్ కేంద్రంలో రెండో యూనిట్ కంపనాలు హద్దు మీరాయి. అయినా నడిపారు. 2009 ఆగస్టు 17న టర్బైను మూతను పట్టి ఉంచిన బోల్టులు తెగిపోయాయి. నీరు టర్బైను హాలును ముంచెత్తింది. 75 మంది చనిపోయారు. కంపనాల వల్ల ఆ బోల్టులు అప్పటికే అలసి పగుళ్లిచ్చాయని దర్యాప్తులో తేలింది.

అలాగని ‘ఆపండి’ అనడమూ తేలిక కాదు. విప్పి చూశాక లోపల అంతా బాగుంటే ఉత్పత్తి నష్టం మాట ఇంజినీరు మెడకే చుట్టుకుంటుంది. ‘నడపండి’ అంటే ఆ రాత్రి ఆయనకు నిద్ర ఉండదు. అందుకే ఒక్క కొలతను నమ్మరు. నిన్నెంత, నెల కిందట ఎంత, ఈమధ్య ఏం మార్చారు అని ఆరా తీస్తారు.

విద్యుత్తు, ఉక్కు, సిమెంటు, ఎరువుల కర్మాగారాలన్నిట్లో వీళ్ల అవసరం ఉంది. మెకానికల్ డిప్లొమా, బీటెక్ చదివినవాళ్లు ఎక్కువగా వస్తుంటారు. ఐఎస్‌ఓ 18436-2 ప్రమాణం ప్రకారం ఇందులో నాలుగు అంచెల పరీక్షలున్నాయి. కానీ వేడిలో, దుమ్ములో, చెవులు గింగిర్లెత్తే మోతలో నిలబడి పనిచేస్తేనే అసలు చదువు అబ్బుతుంది.

ఇంతకీ ఆ ఫ్యాను సంగతి? కుదుపు చుట్టుకు ఒక్కసారే. నిన్నటిదాకా మామూలే, ఈ రాత్రే పెరిగింది. ‘ఆపి, రెక్కలు చూడండి’ అన్నారు ఇంజినీరు. రెక్కల మీద పేరుకున్న దుమ్ము ఒకచోట పెళ్లలా ఊడింది. అంతే! మిగతాది గీకి శుభ్రం చేశారు. బేరింగు మార్చాల్సిన పనే పడలేదు.

తెల్లవారేసరికి ఫ్యాను మళ్లీ తిరిగింది. సెన్సరు పెట్టడానికి ముందు ఇంజినీరు బేరింగు పెట్టె మీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం ఆగారు... జ్వరం తగ్గిన పిల్లాడి నుదురు చూసినట్టు.