వీసా అక్కర్లేని దేశాలు, ఆర్మూర్ పాస్‌పోర్టులు

ఆర్మూర్‌లో ఒకే బడిలో, ఒకే బెంచీ మీద చదువుకున్న ఇద్దరు దోస్తులు ఉన్నారనుకుందాం. ఒకతను ఇంజనీరింగ్ చేసి మెల్‌బోర్న్ చేరాడు, కొన్నేళ్లకు ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్నాడు. రెండో అతను పదో తరగతి తప్పి, మేస్త్రీ పని నేర్చుకుని దుబాయ్ దారి పట్టాడు. ఇద్దరూ ఒకే రోజు దుబాయ్ విమానాశ్రయంలో దిగారు. ఆస్ట్రేలియా పాస్‌పోర్టు ఉన్నతనికి ముందుగా తీసుకున్న వీసా అక్కర్లేదు. కౌంటర్ దగ్గర పని పూర్తిచేసుకుని బయటికొచ్చి టాక్సీ ఎక్కుతాడు. మేస్త్రీ మాత్రం ఆ కౌంటర్ దాకా రావడానికే వైద్య పరీక్ష, కంపెనీ ఒప్పందం, ఉద్యోగ వీసా, భారత ప్రభుత్వ ఎమిగ్రేషన్ క్లియరెన్స్, బీమా అన్నీ దాటి రావాలి.

పండక్కి ఇద్దరూ ఊరికి రావాలనుకుంటే కథ తిరగబడుతుంది. మేస్త్రీ టికెట్ కొనుక్కుని వచ్చేస్తాడు. ఇంజనీరుకు సొంతూరు చూడటానికి భారత వీసా కావాలి, లేదంటే విదేశీ పౌరులైన భారత సంతతివారికి కేంద్రం ఇచ్చే ఓసీఐ కార్డు ఉండాలి.

ఈ జంట ఊహే గానీ, ఇలాంటి దోస్తులకు ఆర్మూర్ చుట్టుపక్కల కొదవ లేదు. 44, 63 జాతీయ రహదారులు కలిసే ఈ పట్టణం చుట్టూ వేల్పూర్, బాల్కొండ, మోర్తాడ్, అంకాపూర్ ఊళ్లలో పసుపు, ఎర్రజొన్న పండుతాయి. పసుపు తొమ్మిది నెలల పంట. తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, పాలిష్ పట్టించి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలితే అక్కడ కాడి వేరు, గోల వేరు చేసి ధర కడతారు. ధర పడిపోయిన ఏడాది ఆ తొమ్మిది నెలల కష్టం అప్పులకే సరిపోదు. అందుకే 1970ల చివరి నుంచీ ఈ ప్రాంతంలో చాలా ఇళ్లు సేద్యాన్ని ఒక చేత్తో, గల్ఫ్ సంపాదనను ఇంకో చేత్తో పట్టుకుని బతుకుతున్నాయి. ఆస్ట్రేలియా, అమెరికా చదువులు ఆ తర్వాతి తరానివి. 2021 జనాభా లెక్కల్లో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడతామన్నవారు దాదాపు 60 వేల మంది. అంతకు అయిదేళ్ల ముందు ఆ సంఖ్య 34 వేల పైచిలుకే.

పాస్‌పోర్టుకు ఉన్న బలాన్ని కొలిచే సూచీలు కొన్ని ఉన్నాయి. హెన్లీ సూచీ 227 గమ్యాలను లెక్కలోకి తీసుకుంటుంది. ఆస్ట్రేలియా పాస్‌పోర్టుతో అందులో 180కి పైగా చోట్లకు ముందస్తు వీసా లేకుండా పోవచ్చు. భారత పాస్‌పోర్టుకు ఆ సంఖ్య కొన్నేళ్లుగా 60కి అటూ ఇటూగా ఉంటోంది. ఇంత తేడా ఎందుకంటే, వీసా మాఫీ ఎవరికి ఇవ్వాలో ప్రతి దేశమూ తన లెక్క తాను వేసుకుంటుంది. ఆ దేశం నుంచి వచ్చినవాళ్లు గడువులోగా తిరిగి పోతున్నారా, దాక్కుని పనులు చేసుకుంటున్నారా, వాళ్ల దేశంలో సంపాదన ఎలా ఉంది, ఆ పాస్‌పోర్టుకు నకిలీ తయారు చేయడం ఎంత కష్టం, తమ పౌరులకు వాళ్లు బదులుగా ఏమిస్తున్నారు అన్నవి ప్రధానంగా చూస్తారు. కంగారూ, ఈమూ బొమ్మలున్న ఆ ముదురు నీలి పుస్తకానికి దక్కే మర్యాద వెనక ఉన్నది ఆ దేశపు సంపద. పుస్తకం పట్టుకున్న మనిషి గొప్పదనంతో దానికి సంబంధం లేదు. అదే మనిషి నిన్నటిదాకా భారత పాస్‌పోర్టు పట్టుకుని కాన్సులేట్ల ముందు బ్యాంకు స్టేట్‌మెంట్లతో నిలబడినవాడే.

అలాగని ఆస్ట్రేలియా పాస్‌పోర్టుకు ప్రపంచమంతా తలుపులు తీసి పెట్టుకుని కూర్చోలేదు. అమెరికా పోవాలంటే ముందే ఆన్‌లైన్‌లో ఎస్టా అనుమతి తీసుకోవాలి. కెనడాకూ అలాంటిదే ఉంది. బ్రిటన్ 2025 జనవరి 8 నుంచి ఆస్ట్రేలియన్లకు కూడా ఈటీఏ అనే ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. యూరప్‌లోని షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు. బాలీలో దిగగానే డబ్బు కట్టి వీసా తీసుకోవాలి. వియత్నాంకు ఈ-వీసా కావాలి. చైనా 2024 జూలైలో గానీ ఆస్ట్రేలియన్లకు వీసా మాఫీ చేయలేదు. ఇన్ని దేశాల్లో న్యూజిలాండ్ తీరు వేరు. 1973 నాటి ఏర్పాటు కింద ఆస్ట్రేలియా పౌరులు అక్కడికి పోయి ఉండొచ్చు, ఉద్యోగమూ చేయొచ్చు. మిగతా చోట్ల వీసా లేని ప్రవేశమంటే చూసి రావడం, చుట్టాలను కలవడం, వ్యాపార సమావేశానికి పోవడం వరకే. జీతానికి పని చేస్తే ఆస్ట్రేలియన్ అయినా నేరమే. ఈ ఒక్క సంగతి ఆర్మూర్ యువకులకు అర్థమైతే ఈ వ్యాసం రాసిన ఫలితం దక్కినట్టే.

ఆ నీలి పుస్తకం ఊరికే రాదు. సాధారణంగా నాలుగేళ్లు చట్టబద్ధంగా ఆస్ట్రేలియాలో నివసించాలి, అందులో చివరి ఏడాది శాశ్వత నివాసిగా ఉండాలి. 20 ప్రశ్నల పరీక్షలో 75 శాతం రావాలి, ఆస్ట్రేలియా విలువల మీద అడిగే అయిదు ప్రశ్నలకూ తప్పు లేకుండా జవాబు చెప్పాలి. ఆ తర్వాత ప్రమాణం. ఈ ప్రమాణ కార్యక్రమాలు చాలా చోట్ల జనవరి 26న, ఆస్ట్రేలియా డే రోజున జరుగుతాయి. ఇక్కడ బడుల్లో గణతంత్ర దినోత్సవం జెండా ఎగిరే రోజూ అదే. ఆ ప్రమాణంతోనే భారత పౌరసత్వం పోతుంది. మన రాజ్యాంగంలోని 9వ అధికరణం, 1955 నాటి పౌరసత్వ చట్టం రెండు దేశాల పౌరసత్వాన్ని ఒప్పుకోవు. పాత భారత పాస్‌పోర్టును కాన్సులేట్‌లో అప్పగించాల్సిందే. రెండూ దగ్గర పెట్టుకుని అటొకటి, ఇటొకటి చూపిస్తానంటే జరిమానా పడుతుంది, కేసూ అవుతుంది.

మాతృదేశానికి రాకపోకలకు కేంద్రం చూపిన దారి ఓసీఐ. 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఆ కార్డుల పంపిణీని ప్రారంభించారు. కార్డు ఉంటే జీవితాంతం ఎన్నిసార్లయినా రావచ్చు, ఎన్నాళ్లయినా ఉండొచ్చు. అది లేని పిల్లల సంగతే కష్టం. సిడ్నీలో పుట్టిన మనవడికి ఓసీఐ తీయించకుండా వాయిదా వేస్తూ పోతారు. ఇక్కడ బాపమ్మకు హఠాత్తుగా బాగాలేదని ఫోన్ వస్తుంది. ఈ-టూరిస్ట్ వీసాకు ప్రయాణానికి కనీసం నాలుగు రోజుల ముందు దరఖాస్తు పెట్టమని నిబంధన. కొడుకు ఒక్కడే బయల్దేరతాడు, కోడలూ పిల్లలూ అక్కడే ఆగిపోతారు. పిల్లలు పుట్టిన ఏడాదే ఓసీఐ తీయించడం ఈ జిల్లా ప్రవాస కుటుంబాలన్నీ చేయాల్సిన పని.

పసుపు రైతుల పిల్లలకు ఇంకో సంగతి ముఖ్యం. ఓసీఐ కార్డుదారు మన దేశంలో ఫ్లాటు కొనొచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు. వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ మాత్రం కొనకూడదు. విదేశంలో స్థిరపడిన భారత పౌరులకూ ఇదే నిబంధన. తండ్రి పేరు మీది మూడెకరాల పసుపు చేను వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, కానీ పక్కనున్న అరెకరం కలుపుకుందామంటే చట్టం ఒప్పదు. గిఫ్ట్ డీడ్ రాయించుకోవడమూ కుదరదు. ఇక ఓసీఐకి ఓటు అసలే లేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు బోర్డు, గిట్టుబాటు ధరల కోసం నిజామాబాద్ బరిలో 178 మంది రైతులు దిగారు, మొత్తం అభ్యర్థులు 185 మంది అయ్యారు. తమ ఊరి రైతుల పేర్లున్న ఆ పోరులో ఆస్ట్రేలియా పౌరులైన ఈ నేల బిడ్డలు ఓటు వేయలేకపోయారు. చివరికి 2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది.

ఇంటి పసుపు ఆస్ట్రేలియా పోవడం కూడా ఒక ప్రయాణమే. కొడుకు దగ్గరికి విజిట్ వీసా మీద పోయే తల్లిదండ్రుల సూట్‌కేసులో పసుపు పొట్లం, మామిడికాయ తొక్కు, విత్తనాల మూట తప్పకుండా ఉంటాయి. విమానంలో ఇచ్చే ప్యాసింజర్ కార్డులో తినే వస్తువులు, గింజలు ఉన్నాయా అని అడుగుతారు. ఉంటే 'అవును' అని గీత పెట్టాలి. పెడితే అధికారి తెరిచి చూస్తాడు, పనికిరానిది తీసి పడేస్తాడు, అంతే. 'లేదు' అని పెట్టి దొరికితే ఆస్ట్రేలియా పాస్‌పోర్టు ఉన్న కొడుక్కి జరిమానాతో పోతుంది. విజిట్ వీసా మీద వచ్చిన తండ్రికి వీసాయే రద్దు కావచ్చు, వచ్చిన దారినే తిప్పి పంపవచ్చు. 2019 నుంచి అక్కడి సరిహద్దు అధికారులకు ఆ అధికారం ఉంది. ఒకే ఇంటి పసుపు పొట్లానికి రెండు పాస్‌పోర్టుల మీద రెండు శిక్షలు.

భారత పాస్‌పోర్టుల్లోనూ రెండు రకాలున్నాయి. పది పాసైనవారి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ తనిఖీ అక్కర్లేదు. పాస్ కానివారికి ఈసీఆర్, అంటే ఎమిగ్రేషన్ తనిఖీ అవసరం అని ఉంటుంది. అలాంటివారు ఉద్యోగానికి యూఏఈ, సౌదీ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, ఇరాక్, మలేసియా వంటి దేశాలకు పోవాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం క్లియరెన్స్ తీసుకోవాలి. దీన్ని చాలామంది అడ్డంకి అనుకుంటారు. నిజానికి కార్మికుడికి అది రక్ష. క్లియరెన్స్ ఉంటేనే ఒప్పందంలో రాసిన జీతం ప్రభుత్వ రికార్డులో ఉంటుంది, ప్రమాదంలో చనిపోతే ఇంటికి 10 లక్షలు వచ్చే ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. ఆ బీమాకు రెండేళ్లకు కట్టాల్సింది 275 రూపాయలు. దీన్ని తప్పించుకోవడానికి ఏజెంట్లు చూపే దొడ్డిదారి విజిట్ వీసా. 'ముందు పోరా, అక్కడ మార్పిస్తా' అంటారు. గడువు తీరాక ఆ మనిషి ఎవరికీ చెందని కూలీ అవుతాడు. గల్ఫ్‌లో మనవాళ్లు కల్లివెల్లి అని పిలిచేది ఇలాంటివారినే, కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చిన యజమానిని, వదిలి పారిపోయినవారినే. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయలేరు, జబ్బు చేసినా ఆసుపత్రికి పోలేరు. క్షమాభిక్ష ప్రకటిస్తే అవుట్‌పాస్ అనే తాత్కాలిక ప్రయాణ పత్రం తీసుకుని తిరిగి రావడమే. యూఏఈ 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా అలాంటి అవకాశం ఇచ్చింది.

ఇప్పుడు విజిట్ వీసా ఖర్చు కూడా లేని వల వచ్చింది. థాయ్‌లాండ్ 2023 నవంబరు 10 నుంచి, మలేసియా అదే ఏడాది డిసెంబరు 1 నుంచి భారతీయులకు వీసా మాఫీ చేశాయి. పర్యాటకులకు ఇది మంచి కబురే. నిజామాబాద్ నుంచి కుటుంబాలు బ్యాంకాక్, కౌలాలంపూర్ చూసి వస్తున్నాయి. కానీ మోసగాళ్లు కూడా అదే తలుపు పట్టుకున్నారు. బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం, భారీ జీతం, వీసా అక్కర్లేదు, టికెట్ మాదే అని సెల్‌ఫోన్లో ప్రకటన వస్తుంది. దిగిన పిల్లలను కార్లలో థాయ్ సరిహద్దు పట్టణం మే సోట్ దాకా తీసుకుపోయి, నది దాటించి మయన్మార్‌లోని మ్యావడీలో సైబర్ మోసాల శిబిరాలకు చేర్చారు. పాస్‌పోర్టు గుంజుకున్నారు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి సొంత దేశస్థులనే మోసం చేయించారు, ఒప్పుకోకపోతే కొట్టారు. 2025 మార్చి 10, 11 తేదీల్లో భారత ప్రభుత్వం విమానాలు పంపి 549 మందిని వెనక్కి తెచ్చింది. వారిలో తెలంగాణ, ఆంధ్ర యువకులు ఎందరో ఉన్నారు. కాంబోడియాలో చిక్కుకున్న ఉత్తరాంధ్ర యువకుల గోడు అంతకు ముందు ఏడాదే విశాఖ పోలీసుల కేసులతో బయటపడింది.

ఇరాన్ సంగతి మరీ స్పష్టం. 2024 ఫిబ్రవరిలో ఆ దేశం భారత పర్యాటకులకు 15 రోజుల వీసా మాఫీ ఇచ్చింది. ఉద్యోగాలిప్పిస్తామని, వేరే దేశాలకు దాటిస్తామని చెప్పి మనవాళ్లను అక్కడికి రప్పించి, కిడ్నాప్ చేసి, ఇళ్లకు ఫోన్ చేసి డబ్బులు గుంజిన కేసులు పెరగడంతో 2025 నవంబరు 22 నుంచి ఆ మాఫీ ఆగిపోయింది. కొందరు దళారుల దుర్మార్గానికి దేశం మొత్తం పాస్‌పోర్టు ఒక మెట్టు దిగింది.

ఆర్మూర్‌లో విదేశం మాట ఎత్తిన ప్రతి ఇంట్లో ముందు అడగాల్సిన ప్రశ్న 'వీసా కావాలా, వద్దా' అన్నది కాదు. 'అక్కడ పని చేయడానికి అనుమతి ఏ కాగితం మీద ఉంది' అన్నదే. ఉద్యోగమంటూనే వీసా అక్కర్లేదంటే అది మోసం. ఏజెంటు పేరు, లైసెన్సు నంబరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. నమోదైన ఏజెంటు కూడా సర్వీసు రుసుము కింద 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీకి మించి తీసుకోకూడదు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలకు పంపుతుంది, అక్కడ అడగండి. పాస్‌పోర్టు సేవా కేంద్రం నిజామాబాద్‌లోనే ఉంది. పది పాసైన సర్టిఫికెట్ ఉండి కూడా పాత పుస్తకంలో ఈసీఆర్ అనే ఉంటే అక్కడికి పోయి మార్పించుకోండి.