టైరు గాలి తెల్లారే చూడండి, ఎండలో తీయకండి

సౌదీలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది. తారు రోడ్డు అంతకన్నా కాలుతుంది. హైవే పక్కన చీలిపోయిన టైరు ముక్కలు మనం చూస్తూనే ఉంటాం. క్యాంపు నుంచి సైటుకు కోస్టర్ నడిపే డ్రైవరన్న వెనక ఇరవై మంది కూర్చుంటారు. హౌస్ డ్రైవర్ బండిలో కఫీల్ పిల్లలుంటారు. అందుకే ఇది చిన్న విషయం కాదు.

ఎన్నిసార్లు చూడాలి?

ఏ బండికైనా కనీసం నెలకోసారి. పంచరు లేకపోయినా నెలకు ఒకటి రెండు పీఎస్ఐ గాలి దానంతటదే తగ్గుతుంది. రోజూ మనుషుల్ని, సామాను మోసే బండికైతే వారానికోసారి చూడడం మేలు. రియాద్ నుంచి దమ్మామ్ లాంటి 400 కిలోమీటర్ల ప్రయాణం ఉంటే బయలుదేరే ముందు తప్పనిసరి. స్టెప్నీని మరవొద్దు. డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుందిలే అని కూర్చోవద్దు. చాలా బండ్లలో గాలి పావు వంతు తగ్గాక గానీ అది వెలగదు.

ఎప్పుడు చూడాలి?

బండి మూడు గంటలైనా ఆగి ఉన్నాక. అంటే పొద్దున డ్యూటీ ఎక్కకముందే. ఎంత గాలి ఉండాలో డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు మీద రాసిన అంకె చూసి కొట్టించొద్దు. అది ఆ టైరుకు గరిష్ఠం.

ఎండలో గాలి తీయాలా?

"ఎండాకాలం కదా, కొంచెం తగ్గించు, లేకపోతే పేలుద్ది" అనే మాట బన్షర్ దగ్గర వింటుంటాం. ఇది తప్పు. గాలి తక్కువైతే టైరు పక్కలు ప్రతి చుట్టుకూ నలుగుతాయి. ఆ నలుగుడుకే వేడి పుట్టి టైరు పగులుతుంది. పొద్దున 32 ఉన్న టైరు మధ్యాహ్నం 37 చూపిస్తే అది మామూలే. అప్పుడు 32కి తగ్గిస్తే, చల్లారాక 27కి పడిపోతుంది.

జీతంలో కోస్తామంటే?

బండి కంపెనీది, టైరు మార్చాల్సిందీ కంపెనీయే. ప్రమాదం జరిగాక మాత్రం "డ్రైవర్ తప్పు" అనడం తేలిక. సౌదీ కార్మిక చట్టం 91వ ఆర్టికల్ ప్రకారం, కార్మికుడి తప్పు వల్లే నష్టం జరిగినా నెలకు ఐదు రోజుల జీతం కంటే ఎక్కువ కోయకూడదు. తప్పు మీది కాదనుకుంటే ఫిర్యాదు చేసే హక్కుంది. హౌస్ డ్రైవర్లు ఈ చట్టం కిందకు రారు, వాళ్ల నిబంధనలు వేరు.

ఎవరికైనా రుజువే అండ. గాలి చూసిన రోజు గేజీ ఫొటో తీసి పెట్టుకోండి. టైరు అరిగినా, ఉబ్బినా ఫొటోతో సహా సూపర్‌వైజర్‌కో కఫీల్‌కో వాట్సాప్‌లో రాసి పంపండి. నోటితో చెప్పింది రేపు నిలబడదు.

బస్సులో వెళ్లే అన్నదమ్ములు కూడా ఎక్కేముందు టైర్ల వంక ఓసారి చూడండి. ఉబ్బు కనబడితే ఎక్కకముందే డ్రైవర్‌కు చెప్పండి.