శ్రుతిపెట్టె విప్పిన రోజు

చిక్కపేటలో మాది పట్టుచీరల అంగడి. నాలుగడుగులు వేస్తే బళేపేట. అక్కడ వీణలు, మృదంగాలు అమ్మే దుకాణాలు. ఇంకోవైపు ఎస్.పి.రోడ్డు. అక్కడ దొరకని ఎలక్ట్రానిక్ సామాను లేదు. ఈ రెండు వీధులకూ వియ్యం కుదురుతుందని నేనెన్నడూ అనుకోలేదు. కుదిర్చింది మా అమ్మాయి.

కాలేజీలో చదువుతున్న పిల్ల ఒకనాడు ఎస్.పి.రోడ్డులో పాత బొమ్మ కీబోర్డు కొనుక్కొచ్చి, స్క్రూలన్నీ విప్పి ముందేసుకుంది. "ఎందుకమ్మా చెడగొడతావు?" అన్నాను. "చెడగొట్టడం లేదు నాన్నా, దానికి రాని పాట నేర్పిస్తున్నా" అంది!

అలాంటి బొమ్మల్లో చాలావాటికి స్వరం వేగాన్ని నిర్ణయించేది ఒక చిన్న రెసిస్టరు. దాని స్థానంలో రేడియో వాల్యూము తిప్పేలాంటిది ఒకటి అమరిస్తే, తిప్పినకొద్దీ స్వరం జారుతుంది, మూలుగుతుంది, కీచుమంటుంది. దీన్ని సర్క్యూట్ బెండింగ్ అంటారట. అమెరికాలో రీడ్ ఘజాలా అనే కుర్రవాడు 1960లలో, సొరుగులో మూతలేని చిన్న యాంప్లిఫయరు లోహానికి తగిలి వింతగా కూయడం విని ఈ దారి పట్టాడు. అంతకు ముందే, 1948లో, పారిస్‌లో పియేర్ షఫేర్ రైళ్ల చప్పుళ్లను రికార్డు చేసి సంగీతంగా కూర్చాడు.

ఇదంతా దొరల సరదా అనుకోకండి. అహమదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే డేవిడ్ ట్యూడర్ సాయంతో మూగ్ సింథసైజరు పెట్టారు. పేరుకే మూగ్, బోలెడు పలికింది! అక్కడ గీతా సారాభాయి వంటివారు చేసిన టేపులు దశాబ్దాలు మూలపడి ఉండి, 2023లో రికార్డుగా వెలువడ్డాయి. మన బెంగళూరులోనే వేణువు వాయించే ఇంజనీరు జి.రాజ్ నారాయణ్ 1979లో ఎలక్ట్రానిక్ తంబురా తయారుచేశారు.

కీబోర్డు అయ్యాక అమ్మాయి కన్ను మా అమ్మ శ్రుతిపెట్టె మీద పడింది. పాత ఎలక్ట్రానిక్ పెట్టె. దాని పక్కన కూర్చునే అమ్మ త్యాగరాజ కృతులు పాడేది. లోపల బ్యాటరీలు మరిచిపోయి, అవి కారి పాడైంది. "దాన్ని ముట్టుకుంటే ఊరుకోను" అని గట్టిగానే కసిరాను. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. చివరికి అమ్మే బీరువా తెరిచి, "ఒరేయ్, మూగగా పడుండేదానికన్నా వంకరగానైనా పలకనీ" అని మనవరాలి చేతిలో పెట్టింది.

తర్వాత నెల రోజులు అమ్మాయి చిన్న రికార్డరుతో అంగడిలోనే కూర్చుంది. బట్ట చించే చప్పుడు, మీటరు బద్ద గల్లాకు తగిలే టకటక, బయట తోపుడు బండివాళ్ల "దారి బిడి" కేకలు, ధర్మవరం నుంచి చీరలు తెచ్చే పెద్దాయన తెలుగు బేరం, అన్నీ పట్టింది. వాటి కింద, బాగుచేసిన శ్రుతిపెట్టె జారే షడ్జమాన్ని నడిపింది.

నాకు మొదట గోలగానే ఉంది. అమ్మ మాత్రం కళ్లు మూసుకుని విని, "ఇది మన అంగడే కదే!" అంది. నా గొంతు పట్టేసింది. ఎందుకంటే, వచ్చే ఉగాదికి ఆ అంగడి మూసేస్తున్నాం. ముప్పయ్యేళ్లు అక్కడ కూర్చున్న నేను ఒక్కసారైనా దాన్ని వినలేదు.

మీ పిల్లలకూ ఈ సరదా ఉంటే అడ్డు చెప్పకండి. ఒక్క జాగ్రత్త: బ్యాటరీతో నడిచేవే విప్పనివ్వండి, గోడ కరెంటుతో నడిచేవి వద్దే వద్దు. రికార్డు చేసినప్పుడు తేదీ, చోటు రాయించండి. మనుషుల మాటలైతే ముందు వాళ్లనడగాలి.

బొమ్మలేమీ లేకపోయినా ఫరవాలేదు. ఈ పండక్కి మీ అవ్వ వంటింట్లో ఉండగా సెల్‌ఫోను అక్కడ పెట్టి, పది నిమిషాలు చప్పుడు చేయకుండా కూర్చోండి. ఏం వినిపించిందో మాకూ రాయండి.