మందు కొట్టారు... దోమ పెరిగింది!

చేనుకు పురుగు పడితే మందు కొట్టాలి. పైరు పచ్చగా ఎదగాలంటే ఎరువు వేయాలి. ఏ దేశంలో ఏ రైతును అడిగినా చెప్పేమాటే ఇది. మరి ఎంత కొట్టాలి, ఎంత వేయాలి? ఈ చిన్న ప్రశ్న దగ్గరే కొన్ని దేశాలు గట్టెక్కాయి, కొన్ని చేతులు కాల్చుకున్నాయి.

1986... ఇండొనేషియాలోని జావా దీవి. పచ్చగా ఉండాల్సిన వరిచేలు నిప్పంటుకున్నట్టు మాడిపోయి, సుడులు సుడులుగా ఎండిపోతున్నాయి. కారణం మన రైతులకూ బాగా తెలిసిన శత్రువే... సుడిదోమ! దుబ్బుల మొదళ్లలో చేరి రసం పీల్చేస్తుంది. ఒకప్పుడు ప్రపంచంలోనే అత్యధికంగా బియ్యం దిగుమతి చేసుకున్న దేశం ఇండొనేషియా. ఎన్నో తంటాలు పడి 1984లో స్వయంసమృద్ధి సాధించింది. రెండేళ్లు తిరిగేసరికి మళ్లీ ఈ ముప్పు!

అలాగని అక్కడ మందులకు కొరతేం లేదు. పురుగుమందుల ధరలో 80 శాతానికి పైగా ప్రభుత్వమే భరించేది. అందుకోసం ఏటా పదికోట్ల డాలర్లకు పైనే ఖర్చయ్యేది. చవగ్గా వస్తుంటే రైతు మాత్రం ఎందుకు ఊరుకుంటాడు? కొట్టినకొద్దీ కొట్టాడు. కొట్టినకొద్దీ దోమా పెరిగింది!

గుడ్లు భద్రం... సాలీళ్లు మాయం

ఎందుకలా? ఆ చిక్కుముడిని శాస్త్రవేత్తలు అప్పటికే విప్పారు. ఫిలిప్పీన్స్ వరిచేలల్లో 1970ల్లో పరిశోధన చేసిన పీటర్ కెన్మోర్, మందు కొట్టని మడుల్లోకన్నా కొట్టిన మడుల్లోనే దోమ అనేక రెట్లు పెరగడం గమనించాడు. సుడిదోమ తన గుడ్లను ఆకుతొడిమ లోపల దాచిపెడుతుంది. పైన కొట్టే మందు వాటికి సరిగా తగలదు. కానీ దోమల్ని వేటాడే సాలీళ్లూ గుడ్లను పీల్చేసే మిరిడ్ నల్లులూ మాత్రం చచ్చిపోతాయి. వారం, పది రోజుల్లో గుడ్లు పొదిగి పిల్లలు బయటికొచ్చేసరికి పొలంలో వాటిని తినేవాళ్లే ఉండరు. ఇంటికి కాపలా కాసే కుక్కను మనమే చంపి, దొంగకు తలుపు తీసినట్టన్నమాట!

విషయం అర్థమయ్యాక 1986 నవంబరులో అధ్యక్షుడు సుహార్తో 57 రకాల పురుగుమందుల్ని వరిపై వాడకూడదంటూ నిషేధించాడు. 1989 నాటికి రాయితీనీ పూర్తిగా ఎత్తేశారు. మందుల వాడకం భారీగా తగ్గింది. బియ్యం దిగుబడి మాత్రం పడిపోలేదు.

పొలమే బడి

నిషేధంతోనే సరిపెట్టలేదు. రైతులకు పొలంగట్టు మీదే పాఠాలు మొదలుపెట్టారు. ఆ పాఠాల్లో ఉపన్యాసాలుండవు. ఓ డబ్బాలో వరిమొక్క పెట్టి, దోమల్నీ సాలీడునూ వదులుతారు. తెల్లారి చూసి ఎన్ని దోమలు మిగిలాయో రైతులే లెక్కపెట్టుకుంటారు. సాలీడు తమకు కూలి అడగని పాలేరని ఒకరు చెప్పాల్సిన పని లేకుండానే తెలిసిపోతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అండతో ఆ బళ్లు 90కి పైగా దేశాలకు పాకాయి. మన రాష్ట్రంలో ‘పొలంబడి’గా వచ్చింది ఆ పద్ధతే.

అసలే వద్దంటే?

ఇదంతా చదివి రసాయనాలన్నీ విషమేనని తీర్మానించేస్తే పొరపాటే. జర్మనీ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ 1909లో గాలిలోని నత్రజనితో అమ్మోనియా తయారుచేసి చూపించాడు. కార్ల్ బోష్ దాన్ని కర్మాగారానికి ఎక్కించాడు. మనం చల్లే యూరియాకు మూలం అదే. ఈరోజు ప్రపంచ జనాభాలో సుమారు సగంమంది కంచంలోకి అన్నం వస్తోందంటే ఆ నత్రజని చలవేనని అంచనా.

దాన్ని ఒక్కసారిగా ఆపేస్తే ఏమవుతుందో శ్రీలంక చూసింది. 2021లో అక్కడి ప్రభుత్వం రసాయన ఎరువులు, పురుగుమందుల దిగుమతిని రాత్రికిరాత్రే నిషేధించింది. బదులుగా వేయడానికి సరిపడా సేంద్రియ ఎరువు లేదు, రైతులకు శిక్షణా లేదు. వరి దిగుబడి దారుణంగా పడిపోయింది, తేయాకు దెబ్బతింది. బియ్యం దిగుమతి చేసుకోక తప్పలేదు. కొద్దినెలలకే నిషేధాన్ని చాలావరకు ఎత్తేశారు.

తగ్గించి... పెంచారు!

మరి మధ్యేమార్గం లేదా? ఉందని చైనా చూపించింది. 2005 నుంచి 2015 వరకు పదేళ్లపాటు శాస్త్రవేత్తలు సుమారు రెండుకోట్ల మంది చిన్నరైతులతో కలిసి పనిచేశారు. నేలను బట్టి, పైరు వయసును బట్టి, ఎప్పుడు ఎంత ఎరువు వేయాలో నేర్పారు. ఫలితం... నత్రజని ఎరువు 15 నుంచి 18 శాతం తగ్గింది. వరి, గోధుమ, మొక్కజొన్న దిగుబడి సగటున 11 శాతం దాకా పెరిగింది!

తగ్గిస్తే పెరగడమేంటీ అంటారా? ప్రపంచవ్యాప్తంగా పైర్లకు వేస్తున్న నత్రజనిలో సగం కూడా పంటకు చేరడం లేదు. మిగిలింది వాగుల్లోకీ భూగర్భజలాల్లోకీ గాలిలోకీ పోతోంది. పోనీ ఆ నష్టం డబ్బుతోనే ఆగుతుందా అంటే అదీ లేదు. యూరియా మరీ ఎక్కువైన వరి మెత్తగా, ఏపుగా పెరిగి సుడిదోమకు విందవుతుంది. దోమ వచ్చిందని మందు. మందుతో సాలీళ్లు పోయాయని మళ్లీ దోమ. దాంతోపాటే పెరిగేది అప్పు. వీపున డబ్బా కట్టుకుని, ముక్కుకు గుడ్డయినా లేకుండా ఆ విషాన్ని పీల్చేది మాత్రం రైతూ కూలీలూ.

ఈ చక్రాన్ని ఆపడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. నాటేటప్పుడు ప్రతి రెండు మీటర్లకూ 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలీ వెలుతురూ తగిలి దోమ తగ్గుతుంది. యూరియాను ఒకేసారి కుమ్మరించకుండా దఫాలుగా వేస్తే పైరుకు అందుతుంది. డబ్బా ఎత్తేముందు దుబ్బు తట్టి దోమలెన్నో, సాలీళ్లెన్నో చూస్తే మందు అవసరమో కాదో పొలమే చెబుతుంది.

జ్వరానికి వేసుకునేదాన్నీ చేనుకు కొట్టేదాన్నీ మనం ‘మందు’ అనే అంటాం. పిల్లాడికి ఒళ్లు వెచ్చబడితే సీసా మొత్తం పట్టించేయం కదా. ఎన్ని చుక్కలో అడిగి మరీ వేస్తాం. మన కంచంలోకి వచ్చే పైరుకూ ఆ జాగ్రత్తే కావాలి!