నాలుగో నంబరులో మాత్రమే తిరిగే ఫ్యాను

కారు హీటర్‌లో ఎక్కడో ఓ తీగ ఎర్రగా కాలుతుంటుందని చాలామంది అనుకుంటారు. పెట్రోలు, డీజిలు కార్లలో మామూలుగా అలాంటిదేమీ ఉండదు. ఇంజను చుట్టూ తిరిగి కాగిన కూలెంటు, డాష్‌బోర్డు వెనకున్న ఓ చిన్న రేడియేటర్‌లోకి వస్తుంది. దాని మీదుగా గాలిని లోపలికి తోసేది ఒక్క ఫ్యాను. మెకానిక్కులు బ్లోయర్ అనేది దీన్నే. ఏసీ చల్లగాలిని తోసేదీ ఇదే! అందుకే మన ఊళ్లలో హీటర్ ఫ్యాను పాడైన సంగతి చాలాసార్లు మే నెల ఎండలో బయటపడుతుంది. ఏసీ పోయిందనుకుని గ్యాసు నింపించడానికి పరుగెత్తేవాళ్లు ముందు గాలి వస్తోందో లేదో చూసుకోవాలి. గాలే రానప్పుడు గ్యాసు ఏం చేస్తుంది?

నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించే విశేషం మరొకటి. జబ్బు ఎక్కడుందో ఫ్యాను మీటే చెబుతుంది. ఒకటి, రెండు, మూడు నంబర్లలో ఉలుకూ పలుకూ లేకుండా, నాలుగులో పెట్టగానే జోరుగా తిరిగిందంటే మోటారు బాగానే ఉందన్నమాట. తక్కువ వేగాల్లో కరెంటు రెసిస్టర్ గుండా తగ్గి వస్తుంది. నాలుగో నంబరులో దానితో పనిలేకుండా నేరుగా వెళ్తుంది. అంటే కాలిపోయింది రెసిస్టరే. అదే నాలుగులో మాత్రం తిరగకపోతే అనుమానం రిలే మీదికి, స్విచ్ మీదికి మళ్లాలి. నాలుగింటిలోనూ చలనం లేకపోతే ఫ్యూజు, రిలే, ఎర్త్ వైరు, ఆఖర్న మోటారు, ఈ వరుసలో చూసుకుంటూ పోవాలి. ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లలో మాత్రం ఈ లెక్క చెల్లదు. వాటిలో వేగాన్ని మార్చేది ఎలక్ట్రానిక్ మాడ్యూల్.

ఇంతకీ ఈ రెసిస్టర్ ఉండే చోటు తెలుసా? గాలి వెళ్లే గొట్టంలోనే. ఫ్యాను వేగాన్ని తగ్గించే ముక్కను చల్లబరిచేది ఆ ఫ్యాను గాలే! క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో పూడుకుపోతే ఆ గాలి తగ్గి రెసిస్టర్ వేడెక్కిపోతుంది. కొత్తది వేసిన కొన్నాళ్లకే అదీ కాలిపోయిందా? అప్పుడు మోటారునే అనుమానించాలి. బేరింగు పట్టేసిన మోటారు తిరగడానికి తంటాలు పడుతూ ఎక్కువ కరెంటు లాగుతుంది. రెసిస్టర్‌కు తగిలించే ప్లగ్గు ప్లాస్టిక్ గోధుమరంగుకు మారి కమిలి ఉంటే అది గట్టి సాక్ష్యం. ఆ ప్లగ్గు కూడా మార్చకుండా రెసిస్టర్ ఒక్కటే బిగించి పంపడం డబ్బు దండగ.

పూర్తి వేగంలో బ్లోయర్ దాదాపు 20 ఆంపియర్లు లాగగలదు. 12 వోల్టుల మీద అది 240 వాట్లు. అంటే 60 వాట్ల హెడ్‌లైటు బల్బులు నాలుగింటికి సమానం. అందుకే దీని ఫ్యూజు పెట్టెలోని పెద్దవాటిలో ఒకటి. రెక్కల ఫ్యూజుల్లో ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. పోయిన ఫ్యూజు చోట అంతకన్నా పెద్దది పెట్టడం, వెండి కాగితం చుట్టడం ప్రాణాంతకం. ఫ్యూజు కాలాల్సిన చోట వైర్లు కాలతాయి.

తట్టి లేపే చిట్కా ఒకటుంది. మన కార్లలో బ్లోయర్ ఎక్కువగా ఎడమవైపు ముందు సీటు వారి కాళ్ల దగ్గర, గ్లోవ్ బాక్సు కింద ఉంటుంది. స్విచ్ వేసి ఉంచి స్క్రూడ్రైవర్ పిడితో మోటారు మీద మెల్లగా తట్టినప్పుడు తిరిగిందంటే లోపలి కార్బన్లు అరిగాయని అర్థం. ఇల్లు చేరడానికి పనికొస్తుందే తప్ప అది మరమ్మతు కాదు.

1938లో అమెరికాలో నాష్ కంపెనీ బయటి తాజా గాలిని లాగి, వేడిచేసి లోపలికి పంపే ఏర్పాటు తెచ్చింది. అంతకుముందు చాలా హీటర్లు కారులో ఉన్న గాలినే తిప్పితిప్పి కాచేవి. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ దారి వేరు. దాని ఇంజనుకు నీళ్లే లేవు కనుక సైలెన్సర్ వైపు వెళ్లే పొగ వేడితోనే గాలిని కాచేవారు.

లంబసింగి మంచులోనో, వానలో ఘాట్ రోడ్డు మీదో అద్దం మసకబారితే హీటరూ ఏసీ కలిపి వేయాలి. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, హీటర్ ఆ పొడిగాలిని వెచ్చబెడుతుంది. ఎదురుగా లారీ వస్తున్నప్పుడు ఈ ఫ్యాను సుఖానికి కాదు, చూపుకి. అమెరికాలో అద్దం మీది మంచును, ఆవిరిని తొలగించే ఏర్పాటుకు ప్రత్యేకంగా ఒక భద్రతా ప్రమాణమే ఉంది.

ఎలక్ట్రిక్ కారులో ఇంజను వేడి ఉండదు. అక్కడ బ్యాటరీయే హీటర్‌నో హీట్ పంపునో నడపాలి. ఫ్యాను మాత్రం అక్కడా తప్పదు.

ఇంజను వేడి ముల్లు ఎరుపు వైపు ఎక్కుతుంటే, ఏసీ ఆపి హీటర్‌ని పూర్తి వేడిలో, ఫ్యానును నాలుగులో పెట్టమంటారు అనుభవజ్ఞులు. ముఖానికి సెగ తగిలినా, కూలెంటు కారిపోకుండా ఉన్నంతవరకు ఇంజను వేడిలో కొంత ఆ చిన్న రేడియేటర్ గుండా బయటికి పోతుంది. బండి పక్కకు తీసి ఆపడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. బ్లోయర్ పోయిన కారుకు ఆ వెసులుబాటు ఉండదు.